గానవిద్యకు గృహస్థుని అండ

కర్ణాటక సంగీత చరిత్రను చెప్పేటప్పుడు రాజాస్థానాలతో ఆరంభించడం వాడుక. తంజావూరు నాయకరాజులు, వారి తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు, మన తెలుగునాట విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాధిపతులు విద్వాంసులను సత్కరించి విద్యను నిలిపినారని చెప్పుకొంటాము. అందులో అసత్యమేమీ లేదు. కాని ఆ చరిత్రలో పేరెక్కని పోషకుడు మరొకడు ఉన్నాడు. అతడు సామాన్య గృహస్థు. ఈనాడు మేము శ్రోతలకు మనవి చేయదలచినది ఆ గృహస్థుని కథ.

త్యాగరాజస్వామి 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందినారు. తంజావూరు ఆస్థానం తిరువయ్యారుకు ఎంతో దూరంలో లేదు. అయినను ఆయన రాజాశ్రయాన్ని కోరక ఉంఛవృత్తిని అవలంబించినారు. భగవన్నామం పాడుకొంటూ వీధివెంట వెళ్లుతుంటే ఇల్లాండ్రు వాకిటికి వచ్చి పిడికెడు బియ్యం పోసేవారు. ఈనాడు మనం కచేరీలలో తలలూపుతూ వినే కృతుల వెనుక ఆ పిడికెడు బియ్యం ఉన్నది. ఆ వాకిళ్లలో నిలిచిన తల్లుల పేర్లు మాత్రం ఏ గ్రంథంలోను లేవు. ఆయన సమాధి కాలక్రమాన శిథిలం కాగా, దానిని ఉద్ధరించి ఆలయం కట్టించినది కూడ రాజులు కారు. బెంగుళూరు నాగరత్నమ్మ అనే గాయని. తాను పాడి సంపాదించిన ధనాన్ని వెచ్చించి 1921లో పని ఆరంభించి, 1926 నాటికి పూర్తి చేయించినది.

ఇక మన విజయనగరానికి వద్దాము. 1919లో విజయరామ గజపతి ప్రభువు అక్కడ సంగీత కళాశాలను నెలకొల్పినారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. అదే సంవత్సరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరినారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన యువకుని వాదనం విని, నేరుగా ఆచార్యపదవే ఇచ్చినారని ఆ ఊరి పెద్దలు చెప్పుకొనేవారు. 1936లో నాయుడుగారే అధ్యక్షులైనారు. గాత్రానికి ప్రక్కవాద్యంగా మాత్రమే మన్ననలందుతూ వచ్చిన వయొలిన్‌ను స్వతంత్రంగా సభ నడుపగల వాద్యంగా నిలిపిన మహనీయులలో ఆయన అగ్రగణ్యులు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారు ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చినారు.

ఇంతవరకు ఇది రాజు చేసిన మేలు. కాని కళాశాలకు భవనం, ఆచార్యులకు జీతం ఉన్నంత మాత్రాన విద్యార్థి కడుపు నిండదు. కృష్ణాజిల్లా నుండి ఒక పేద బాలుడు సంగీతం నేర్చుకోవలెనన్న పట్టుదలతో ఆ ఊరు చేరినాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ బాలునికి ప్రతిఫలం కోరక విద్య చెప్పినారు. భోజనానికి మాత్రం అతడు భుజాన జోలె వేసుకొని మధుకరానికి వెళ్లవలసి వచ్చినది. ఇంటింట పెట్టిన అన్నం తిని సాధన చేసినాడు. ఆ బాలుడే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. 1974లో వారు దివంగతులైనప్పుడు తెలుగుదేశమంతా కంటతడి పెట్టినది. వారి కంఠాన్ని ప్రశంసించే మనం, ఆ కంఠానికి అన్నం పెట్టిన విజయనగరం గడపలను కూడ ఒకమారు స్మరించుకొనడం ధర్మం.

ఆ తల్లులకు స్వరజ్ఞానం ఉన్నదో లేదో ఎవరెరుగుదురు? పెట్టిన అన్నం ఏ మహాగాయకుని తయారు చేస్తుందో వారికి తెలియదు. జోలె పట్టి వచ్చిన ప్రతి విద్యార్థీ ఘంటసాల కాలేదు. అయినను, సంగీతం నేర్చుకొంటున్న పిల్లవాడు తమ ఊరిలో పస్తుండరాదని వారు భావించినారు. ఒక ఊరు సంగీతాన్ని పోషించడమంటే అదియే.

1948లో వచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీల కాలం ముగిసినది. అంతకు ముందే పట్టణాలలో గానసభలు వెలసినవి. న్యాయవాదులు, వర్తకులు, ఉపాధ్యాయులు తలకొక చందా వేసుకొని విద్వాంసులను పిలిపించుకొన్నారు. కాకినాడ సరస్వతీ గానసభ వంటివి ఈ విధంగా ఏర్పడినవే. రాజు ఒక్కడు ఇచ్చినదానిని ఇప్పుడు నూరుగురు పంచుకొని ఇవ్వసాగినారు. అదే 1948లో విజయవాడ రేడియో కేంద్రం ఆరంభమైనది. అంతకు పదేండ్లకు ముందు మద్రాసు కేంద్రం వచ్చినది. ఇంట కూర్చున్న గృహస్థుకు మహావిద్వాంసుల గానం సులభమైనది.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది. స్టూడియోలో గాయకుని ఎదుట ఉండేవి మైకు, గోడమీది గడియారం, ఎఱ్ఱ దీపం. మంచి సంగతి పలికినప్పుడు భళా అనే కంఠం అక్కడ ఉండదు. ఈ లోటు రేడియో వారికి తెలియనిది కాదు. 1954లో ఆకాశవాణి ఆరంభించిన సంగీత సమ్మేళనపు కచేరీలను ఆహూతుల సమక్షంలోనే ఏర్పాటు చేసినారు. వేల ఇండ్లకు గానాన్ని చేర్చగల యంత్రం ఉండి కూడ, ఎదుట మనుష్యులు కూర్చుంటేనే గానం పండుతుందని రేడియోయే అంగీకరించినదన్నమాట.

ఈనాడు ఏ విద్వాంసుని గానమైనా కోరినప్పుడు మన చేతిలోని యంత్రంలో వినవచ్చును. కాని మన ఊరి సభలో కచేరీ జరిగేనాడు ముందు వరుసలు మాత్రం నిండి, వెనుకవన్నీ ఖాళీగా ఉండడం మేము ఎన్నో పర్యాయాలు చూసినాము. పాట అయిన తరువాత కార్యదర్శి ఆ ఖాళీ కుర్చీలను మడిచి గోడకు చేరవేస్తూ, వచ్చే ఏడు సభ జరుపగలమా అని ఆలోచిస్తాడు. యంత్రంలో పాడేవారు ప్రసిద్ధులు. మన ఊరి సంగీత పాఠశాలలో చదివి, మొదటిసారి వేదిక ఎక్కిన అమ్మాయి పాట వినవలసినవారము మనమే. మనం వినకపోతే ఆమెకు రెండవ కచేరీ లేదు.

సంగీతజ్ఞానం లేనివారము, పోయి ఏమి చేయగలమని కొందరంటారు. అన్నం పెట్టిన తల్లులు అట్లా అనలేదు. వర్ణం ఆరంభానికి ముందే వెళ్లి కూర్చుంటే చాలును. రాగం పేరు తెలియకున్నను రెండు, మూడు కచేరీలు వినేసరికి చెవి పోల్చుకొనసాగుతుంది. తని ఆవర్తనం మొదలు కాగానే లేచిపోవడం మాత్రం వద్దు. మృదంగ విద్వాంసుడు సాయంత్రమంతా తనకోసం ఎదురుచూచినది ఆ కొద్ది నిమిషాలకే. పిల్లలను వెంట తీసుకొని పోవలెను. టిక్కెట్టు ఉంటే కొనవలెను. లేకుంటే సభకు చేతనైన చందా ఇవ్వవలెను.

రేడియో వారము గనుక, కార్యక్రమాలు వినండని చెప్పడం మా ఉద్యోగధర్మం. అయినను మీ ఊరిలో కచేరీ ఉన్న సాయంత్రం మా మాటను ప్రక్కన పెట్టి, రేడియో కట్టివేసి సభకు వెళ్లిరండి. మేము ఏమీ అనుకొనము.