షార్ట్ లింక్స్: నొక్కితే ఎక్కడికి వెళ్తుందో తెలుసా? పొట్టి లింకుల వెనక ఉన్న లాభాలు, ముప్పులు ఇవే..

యూట్యూబ్ వీడియో కింద డిస్క్రిప్షన్‌లో, వాట్సాప్ గ్రూపులో, బ్యాంక్ పేరుతో వచ్చిన మెసేజ్‌లో.. ఎక్కడ చూసినా పొట్టి లింకులే. పట్టుమని ఇరవై అక్షరాలు కూడా ఉండవు. నొక్కితే ఎక్కడికో తీసుకెళ్తాయి. ఆ ‘ఎక్కడికో’ అన్నదే అసలు సమస్య.

ఈ లింకులు పనిచేసే తీరు చాలా సింపుల్. షార్ట్‌నర్ కంపెనీ దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంటుంది. ఒకవైపు పొట్టి కోడ్, రెండోవైపు అసలు అడ్రస్. మీరు లింక్ నొక్కగానే ఫోన్ ముందు ఆ కంపెనీ సర్వర్‌ను పలకరిస్తుంది. అది పట్టిక చూసి అసలు పేజీకి దారి మళ్లిస్తుంది. అంటే మీకూ, మీరు చూడాలనుకున్న పేజీకీ మధ్య ఓ మూడో మనిషి ఉన్నట్టే.

2002లో కెవిన్ గిల్బర్ట్‌సన్ అనే అమెరికన్ టైనీయూఆర్‌ఎల్‌ను మొదలుపెట్టారు. ఆయనకు ఒంటి చక్రం సైకిల్ అంటే పిచ్చి. ఆ సైకిల్ అభిమానులతో పెద్ద పెద్ద లింకులు పంచుకోవడం కష్టమై ఈ ఉపాయం కనిపెట్టారు. తర్వాత ట్విట్టర్ 140 అక్షరాల హద్దు పెట్టడంతో ఈ సర్వీసులకు గిరాకీ పెరిగింది. 2008లో వచ్చిన బిట్‌లీని మరుసటి ఏడాదే ట్విట్టర్ వాడుకోవడం మొదలుపెట్టింది.

తెలుగులో లింక్ ఎందుకంత పొడుగు?

తెలుగు పదాలున్న లింక్‌ను కాపీ చేసి పంపితే శాతం గుర్తులు, అంకెలతో బారెడు గజిబిజి రావడం చాలామంది చూసే ఉంటారు. ఒక్కో తెలుగు అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు లింక్‌లో 9 క్యారెక్టర్లుగా మారిపోతుంది. ‘తెలుగు’ అనే చిన్న మాటే 54 క్యారెక్టర్లు! ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 క్యారెక్టర్లు పడితే, తెలుగు ఎస్సెమ్మెస్‌లో 70 మాత్రమే పడతాయి. అలాంటి చోట పొట్టి లింక్ లేకపోతే పని జరగదు. టీవీ తెర మీద చూసి టైప్ చేసుకోవాలన్నా అదే గతి. పైగా ఎంతమంది నొక్కారు, ఏ ఊరి నుంచి, ఏ ఫోన్‌లో అనే లెక్క కూడా లింక్ తయారు చేసినవాళ్లకు అందుతుంది. వ్యాపారులకు ఇది లాభమే. నొక్కినవాళ్లకు మాత్రం తమ వివరాలు అలా వెళ్తున్నాయని తెలియదు.

కంపెనీ తప్పుకుంటే లింక్ గల్లంతు

గూగుల్ 2009 డిసెంబర్‌లో సొంత షార్ట్‌నర్ గూ.జీఎల్ తెచ్చింది. గూగుల్ అంతటి కంపెనీ కదా అని అందరూ నమ్మారు. 2019 మార్చి నుంచి కొత్త లింకులు చేయడం ఆగిపోయింది. పాతవి కూడా 2025 ఆగస్టు 25 నుంచి పనిచేయవని 2024లో గూగుల్ ప్రకటించింది. చివరి నిమిషంలో కాస్త మెత్తబడి, ఎవరూ వాడని లింకులనే ఆపేస్తామని, మిగతావి ఉంచుతామని చెప్పింది. పుస్తకాల్లో, పోస్టర్ల మీద అచ్చయిన లింకుల సంగతి ఏమిటన్నది అప్పుడే చాలామందికి తట్టింది.

ఇంకో చిత్రం ఏంటంటే, బిట్‌లీ చివర్లోని ‘ఎల్‌వై’ లిబియా దేశానికి చెందిన డొమైన్. గూ.జీఎల్‌లోని ‘జీఎల్’ గ్రీన్‌ల్యాండ్‌ది. 2010లో వీబీ.ఎల్‌వై అనే చిన్న షార్ట్‌నర్‌ను తమ చట్టాలకు విరుద్ధమంటూ లిబియా అధికారులు లాగేసుకున్నారు. దాని లింకులన్నీ ఒక్క దెబ్బతో చచ్చిపోయాయి. అంతకుముందు ఏడాది క్లిగ్స్ అనే సర్వీసు హ్యాక్ అయి, దాదాపు 22 లక్షల లింకులు ఒకే పేజీకి మళ్లాయి. అది మామూలు బ్లాగ్ పేజీ కాబట్టి సరిపోయింది. వైరస్ పేజీ అయ్యుంటే?

ప్రైవేట్ ఫైళ్లకు పొట్టి లింక్ ఇవ్వడం మరీ ప్రమాదం. కోడ్ చిన్నదైతే కంప్యూటర్‌తో ఊహించి పట్టేయొచ్చు. అమెరికాలోని కార్నెల్ టెక్ పరిశోధకులు 2016లో ఈ విషయాన్నే బయటపెట్టారు. ఐదారు అక్షరాల కోడ్‌లను వరసగా ప్రయత్నిస్తే జనం వన్‌డ్రైవ్ ఫైళ్లు, గూగుల్ మ్యాప్స్‌లో వెతికిన దారులు దొరికాయి. ఇంటి నుంచి ఏ ఆస్పత్రికి వెళ్లారో కూడా! వాళ్ల హెచ్చరికతో గూగుల్ తన మ్యాప్ లింకుల కోడ్‌ను 11, 12 అక్షరాలకు పెంచింది.

నొక్కే ముందు ఇలా చూడండి

బిట్‌లీ లింక్ అయితే కాపీ చేసి బ్రౌజర్‌లో పేస్ట్ చేసి, చివర్లో ప్లస్ గుర్తు పెట్టండి. అసలు అడ్రస్ కనిపిస్తుంది. టైనీయూఆర్‌ఎల్ అయితే ముందు ‘ప్రివ్యూ’ అన్న మాట, చుక్క చేర్చాలి. యూట్యూ.బీఈ లాంటివి వేరు. అవి ఆ కంపెనీ సొంతవి, యూట్యూబ్‌కే వెళ్తాయి. వాట్సాప్‌లో లింక్‌తో పాటు కనిపించే బొమ్మను మాత్రం నమ్మొద్దు. అది పంపినవాళ్ల ఫోన్‌లో తయారై వస్తుంది.

వ్యాపార ఎస్సెమ్మెస్‌లలో ముందుగా నమోదు చేయని లింక్ ఉంటే ఆపేయాలని ట్రాయ్ ఇచ్చిన ఆదేశం 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. వాట్సాప్‌కు ఇది వర్తించదు. అందుకే ‘మీ బండికి చలాన్ పడింది’ అంటూ పది అంకెల నంబర్ నుంచి వాట్సాప్‌లో పొట్టి లింక్ వస్తే అనుమానించాల్సిందే. నిజంగా చలాన్ ఉందో లేదో అధికారిక వెబ్‌సైట్‌లో బండి నంబర్ కొట్టి చూసుకోవచ్చు. పొరపాటున నొక్కినా కంగారు పడక్కర్లేదు. చాలా కేసుల్లో డబ్బు పోయేది ఆ తర్వాత ఓటీపీ చెప్పినప్పుడు, పిన్ కొట్టినప్పుడు, ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే. అక్కడే ఆగి పేజీ మూసేయండి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.