కొడుకు ఉన్న విధవరాలు: ఆదిసంఘపు జాబితా నుండి పాలమూరు వలస వరకు

ఈ దినం వాక్యభాగంతో పాటు కొంత చరిత్రను కూడా మీ ముందు ఉంచాలని ఆశపడుతున్నాను. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేది ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టినవారి చరిత్ర. జీతం లేకుండా, పదవి లేకుండా, పక్కింటి ముసలమ్మను, తండ్రి ఊళ్ళో లేని పిల్లవాణ్ణి పట్టించుకున్నవారి చరిత్ర.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మనకందరికీ తెలిసినదే. యెరూషలేము సంఘంలో శిష్యుల సంఖ్య పెరుగుతున్న రోజుల్లో ఒక సణుగు మొదలైంది. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రు అనుదిన పంపకంలో తప్పిపోతున్నారని ఫిర్యాదు. ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. ధాన్యం లేక ఈ సమస్య రాలేదు. ఆస్తులు అమ్మి తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన సంఘం అది. డబ్బుంది, మనసుంది, పంపకం రోజూ జరుగుతూనే ఉంది. కొందరి పేర్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే వారి మాట వేరు, వారి బంధువులు వేరే దేశాల్లో ఉన్నారు. అంటే లోటు గంపలో లేదు, లెక్కలో ఉంది.

సంఘం ఏం చేసింది? ఏడుగురిని ఏర్పరచుకుంది. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. కడపటివాడైన నీకొలాసు అంతియొకయ నుండి వచ్చి యూదుల మతంలో కలిసినవాడు. ఎవరి ఆడవాళ్ళు తప్పిపోయారో ఆ వర్గం వారి చేతికే పంపకం అప్పగించారన్నమాట. ఈ రోజుల్లో మన సంఘాల్లో కమిటీ వేసేటప్పుడు ఈ సంగతి ఎంతమంది తలంచుకుంటారో నాకు అనుమానమే.

యొప్పేలో దొర్కాకు కమిటీ కూడా లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను పేతురుకు చూపించారు. అంతకంటే ఆమె పనికి వేరే నివేదిక ఎవరూ రాయలేదు.

తరువాత పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదవ అధ్యాయంలో ఈ పనికి ఒక పద్ధతి కనిపిస్తుంది. విధవరాండ్ర లెక్కలో చేర్చడానికి అరువది ఏండ్ల వయసు పెట్టారు. పిల్లలు గాని మనుమలు గాని ఉంటే ముందు వారే చూసుకోవాలి, సంఘం మీద భారం వేయకూడదు, ఎవరూ లేని నిజమైన విధవరాండ్రకు సంఘం సహాయం చేయాలి అని ఏర్పాటు. న్యాయమైన ఏర్పాటే. కొడుకు బాధ్యతను సంఘం ఎత్తుకుంటే కొడుకు చెడిపోతాడు. అయితే ప్రియులారా, కొడుకు ఉన్నాడు, మంచివాడు, తల్లి మీద ప్రేమ గలవాడు, కాని ఆరు వందల కిలోమీటర్ల దూరంలో సెంట్రింగు పనిలో ఉన్నాడు. ఆ తల్లి ఏ లెక్కలో వస్తుంది? ఈ ప్రశ్న పాలమూరులో అడగాలి. కోస్గిలో అడగాలి.

కోస్గి సంగతి కొంచెం చెప్పనివ్వండి. నిజాం కాలంలో ఇది సాలార్‌జంగ్ వారి జాగీరులోని ఊరు. కొడంగల్ తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్విభజనతో మహబూబ్‌నగర్ జిల్లాలో చేరింది. ఇప్పుడు కోస్గి 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో ఉంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ చెవిన పడే ప్రాంతం. కంది, జొన్న పండే నేల. వాన పడితే పంట, లేకుంటే వలస. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది ఈ జిల్లాలోనే. అయినా ఎన్నో తరాలుగా ఇక్కడి మెట్ట రైతు ఆకాశం వైపే చూశాడు.

"పాలమూరు లేబర్" అన్న మాట దేశమంతటా ఎలా పాకిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, సొరంగం తొలిచినా మట్టి మోసిన చేతుల్లో పాలమూరు చేతులు ఉన్నాయి. మేస్త్రీ దసరా దాటాక ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బుతో పాత అప్పు తీరుతుంది, లేదా బిడ్డ పెండ్లి జరుగుతుంది. తరువాత భార్యాభర్తలిద్దరూ గుంపుతో కలిసి బయలుదేరుతారు. అడ్వాన్సు తీరేదాకా తిరిగి రావడానికి లేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. చట్టాలు కాగితం మీద బాగున్నాయి. మేస్త్రీ లెక్కపుస్తకం మాత్రం మేస్త్రీ సంచిలోనే ఉండిపోయింది.

కోస్గి, మద్దూరు, కొడంగల్, దామరగిద్ద వైపు నుండి బొంబాయి, పూణె దారి పట్టినవారు ఎక్కువ. వారు వెళ్ళాక ఊళ్ళో తాళం వేసిన ఇండ్లు కొన్ని, తాళం లేని ఇండ్లు కొన్ని మిగులుతాయి. తాళం లేని ఇంట్లో అవ్వ ఉంటుంది, తాత ఉంటాడు, బడికి పోవలసిన మనుమలు ఉంటారు. నడవలేని అవ్వ పిల్లలకు వండి పెట్టాలి. పదేండ్ల మనుమరాలు అవ్వకు నీళ్ళు తోడాలి. ఎవరు ఎవరిని సాకుతున్నారో చెప్పలేం. అమ్మానాన్నలతో వెళ్ళిన పిల్లల చదువు పాడవుతున్నదని, ఊళ్ళోనే ఉంచి చదివించడానికి ప్రభుత్వం ఈ జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు నడిపింది. అది పిల్లలకు. అవ్వకు హాస్టల్ లేదు.

ఈ నేల మీద సంఘం చేసిన పని పాతదే. రష్యా నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్గొండలో పని ప్రారంభించారు. 1899లో అమెరికా నుండి అదే సంఘం వారు హైదరాబాదు చేరారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల, నారాయణపేట, జడ్చర్ల వరకు ఆ పని విస్తరించింది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ ముప్పై ఏడేండ్లకు పైగా ఈ ప్రాంతపు స్త్రీలకు వైద్యం చేసి, 1945 జనవరి 1న శంషాబాద్‌లో కన్నుమూశారు. మిషన్ చరిత్రలు ఆసుపత్రుల గురించి, బడుల గురించి వివరంగా చెబుతాయి. ఊరూరా తిరిగి బాలింతను, మంచాన పడినవారిని పలకరించిన బైబిల్ స్త్రీల గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి. నా ఉద్దేశంలో సగం పని వాళ్ళదే. తెలుగు సంఘాల్లో తల్లులు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టే ఆచారం కూడా అలాంటి చేతులదే. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఇదే అలవాటు నేటికీ ఆ సంఘాలను పోషిస్తున్నది. మనలో చాలాచోట్ల ఆ డబ్బా వంటింట్లో నుండి మాయమైంది.

ఆదిసంఘం ఇంత పెద్ద భారాన్ని ఎలా మోసిందో ఒక లెక్క ఉంది. 251 ప్రాంతంలో రోమా సంఘ నాయకుడైన కొర్నేలి రాసిన ఉత్తరం ప్రకారం ఆ సంఘం 1500 మందికి పైగా విధవరాండ్రను, దిక్కులేనివారిని పోషిస్తున్నది. అప్పటికి రోమాలో డీకనులు ఎంతమందో తెలుసా? ఏడుగురే. యెరూషలేము లెక్కను వదలలేదు. మరి ఏడుగురు 1500 మందిని చూడగలరా? వీరి వెనుక పేర్లు రాయని విశ్వాసులు ఎందరో ఉండి ఉండాలి. కొద్ది ఏండ్లకే అలెగ్జాండ్రియాలో తెగులు వచ్చినప్పుడు అక్కడి అధ్యక్షుడు దియొనీసియు రాసిన ఉత్తరం ఆ సంగతి చెబుతుంది. రోగుల దగ్గర కూర్చొని సేవ చేసిన విశ్వాసులు తామే ఆ రోగం తగిలి చనిపోయారని ఆయన రాశాడు.

ఇప్పుడు చాలా కాలం దాటి, పందొమ్మిదవ శతాబ్దానికి రండి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పట్టణం. మిల్లుల కోసం పల్లెలు వదిలి వచ్చిన కుటుంబాలు కిక్కిరిసిన పేటలు. 1819లో సెయింట్ జాన్స్ సంఘానికి వచ్చిన పాస్టరు థామస్ చామర్స్ తన పేటను చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఒక డీకనును పెట్టాడు. జీతం లేదు. కష్టం వచ్చిన ఇంటికి వెళ్ళాలి, విచారించాలి, ముందు బంధువులను, తరువాత ఇరుగుపొరుగును కదిలించాలి, ఏదీ కుదరకపోతే సంఘపు కానుకల నుండి ఇవ్వాలి. ఈ పద్ధతి మీద విమర్శ కూడా ఉంది. బంధువులూ బీదలే అయినప్పుడు వారి మీదికి తోయడం సహాయం కాదు గదా. ఆ విమర్శ నాకు న్యాయంగానే తోస్తుంది. పాలమూరు అవ్వ సమస్య సరిగ్గా అదే.

జర్మనీలో ఎల్బర్‌ఫెల్డ్ అనే నేతపని పట్టణం 1853లో ఇంకొక అడుగు వేసింది. అక్కడి పట్టణ పాలకులు జీతం లేని సందర్శకులను నియమించారు. ఒక్కొక్కరికి నాలుగు కుటుంబాలకు మించి అప్పగించకూడదని నియమం. రెండు వారాలకొకసారి వెళ్ళి చూడాలి. సహాయం కూడా రెండు వారాలకే మంజూరు అవుతుంది, మళ్ళీ చూసి మళ్ళీ నిర్ణయించాలి. నాలుగు అన్న ఆ అంకెలో ఎంత జ్ఞానముందో ఆలోచించండి. నలభై ఇండ్లు అప్పగిస్తే మనిషి రిజిస్టరు నింపుతాడు. నాలుగే అయితే అవ్వ మోకాలి నొప్పి కుడికాలిదో ఎడమకాలిదో తెలుస్తుంది. ఈ నమూనా జపాన్‌కు కూడా చేరింది. 1918లో ఒసాకా పట్టణంలో పేట సందర్శకులను నియమించారు. నేడు ఆ దేశమంతటా రెండు లక్షలకు పైగా మనుషులు జీతం లేకుండా ఈ పనిలో ఉన్నారు. పిల్లలు పట్నాలకు పోయిన వృద్ధుల తలుపు తట్టడం వారి ముఖ్యమైన పని.

మన దగ్గరికి వద్దాం. కోస్గికి పొరుగునే ఉన్న ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి ఎం.వి. ఫౌండేషన్ పల్లె యువకులతో, ఉపాధ్యాయులతో కలిసి పనికి పోతున్న పిల్లలను బడికి తెచ్చింది. దీనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పల్లెల్లో తలుపు తట్టినవారిలో చాలామంది ఆ ఊరి పిల్లలే, ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళే. 1995 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి సాయంతో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో స్త్రీల పొదుపు సంఘాల పథకం నడిచింది. 2000లో వచ్చిన వెలుగు పథకానికి అదే పునాది. వారానికొకసారి కూర్చునే ఆ పది పదిహేను మంది ఆడవాళ్ళకు వీధిలో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో తెలుసు. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు సామాజిక తనిఖీ అని ఇంకొక మంచి పని జరిగింది. కూలి కుటుంబాల్లో చదువుకున్న యువకులకు శిక్షణ ఇచ్చి, వారితో మస్టర్లను ఇంటింటికీ తీసుకెళ్ళి చదివించారు. తన పేరున ఎన్ని రోజుల కూలి రాశారో ముసలాయన మొదటిసారి చెవులారా విన్నాడు. తరువాత అదే లెక్క గ్రామసభలో అందరి ముందూ చదివారు. వీరికి రోజుకు కొద్ది మొత్తం ఇచ్చేవారు కాబట్టి పూర్తిగా స్వచ్ఛంద సేవ అనలేము. అయినా చదువు వచ్చిన కుర్రాడు చదువు రాని పెద్దాయనకు ఏమి చేయగలడో ఇంతకంటే స్పష్టంగా చూపినది నాకు కనబడదు.

వృద్ధుల విషయంలో ప్రభుత్వం కూడా నడిచింది. 1995లో జాతీయ వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. తెలంగాణలో 2014లో ఆసరా పింఛను 1000 రూపాయలు, 2019లో 2016 రూపాయలు అయింది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చట్టం వచ్చింది. వృద్ధులు ఫోను చేయడానికి 14567 అనే నంబరు ఉంది, పిల్లలకు 1098 ఉంది. ఇవన్నీ దేవునికి స్తోత్రం చెప్పవలసిన సంగతులే. అయితే మట్టి మోసి మోసి అరిగిపోయిన వేలికి వేలిముద్ర పడకపోతే? పోస్టాఫీసు దాకా నడవలేకపోతే? ఆ నంబరు నొక్కడమే రాకపోతే? డబ్బు మంజూరై ఉంటుంది, అవ్వ చేతికి మాత్రం అందదు. యెరూషలేములో జరిగినదీ ఇదే గదా.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు వలస కూలీలు రోడ్ల మీద నడుస్తుంటే దేశమంతా చూసింది. వారికి అన్నం పొట్లాలు ఇచ్చిన సంఘాలు, యువజనులు ఎందరో. మంచిదే. కాని అదే నెలల్లో ఆ కూలీల ఇండ్లలో ఉన్నవారి దగ్గరికి, మందులు అయిపోయిన తాత దగ్గరికి వెళ్ళినవారు తక్కువ. రోడ్డు మీది ఆకలి కంటికి కనబడుతుంది, గడప లోపలిది కనబడదు.

కోస్గి వైపున ఉన్న సంఘ కాపరులారా, స్త్రీల సమాజపు తల్లులారా, యవ్వనస్థులారా, మీతో ఒక్క మాట. మీ సంఘ సభ్యుల రిజిస్టరు ఉంది. దాని పక్కన ఇంకొక నోటుపుస్తకం తెరవండి. కులం, సంఘం చూడకుండా మీ వీధిలో కొడుకులు, కోడండ్లు వలస పోయిన ఇండ్లు రాయండి. ఒక్కొక్క యువకునికి, యువతికి నాలుగు ఇండ్లు అప్పగించండి, ఐదోది వద్దు. పింఛను రోజున తోడు వెళ్ళేది ఎవరు, బి.పి. మాత్రలు ఎప్పటికి అయిపోతాయి, మనుమడు బడికి పోతున్నాడా, బొంబాయిలో ఉన్న కొడుకు ఫోను నంబరు ఏది, మేస్త్రీ పేరు ఏది, ఇవి రాసుకోండి. పని నేర్పవలసింది పెద్దలు, నడవవలసింది పిల్లలు. డబ్బు దగ్గర మాత్రం జాగ్రత్త. అవ్వ పింఛను ఒక్కరే వెళ్ళి తేవద్దు, ఇద్దరు వెళ్ళి ఆమె చేతిలోనే పెట్టించండి.

పాలమూరు కూలి ఎక్కడున్నా పీర్ల పండుగకు ఊరు చేరతాడు, మన సంఘాలవారు క్రిస్మస్‌కు వస్తారు. అప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకొని కొడుకు దగ్గరికి వెళ్ళండి. మీ అమ్మకు ఈ ఆరు నెలల్లో రెండుసార్లు జ్వరం వచ్చింది, ఫలానా రోజున ఆసుపత్రికి తీసుకెళ్ళాం, ఇంత ఖర్చయింది అని చదివి వినిపించండి. బాధ్యత అతనిదే, పౌలు చెప్పినట్టే. మళ్ళీ బస్సెక్కే ముందు అతడు తన కొత్త నంబరు అందులో తన చేత్తోనే రాస్తాడు.