వంటయింటి పొగయు నింటిగాలియు

తర్కశాస్త్రము చదువ నారంభించిన ప్రతి విద్యార్థికిని మొదట నేర్పెడు నుదాహరణ మొకటి కలదు. కొండమీద పొగ కనబడుచున్నది, కావున నచట నిప్పున్నది. దీనికి దృష్టాంతము వంటయిల్లు. పొగయు నిప్పును గూడియుండుట మన మందఱము వంటయింటనే చూచితిమి గదా! ఈ పాఠమును నేను బాల్యమున ఆర్మూరులో మా పెంకుటింటి వసారాలో గూర్చుండి వల్లించితిని. లోపల మా తల్లి పత్తికట్టెలతో పొయ్యి రాజేసి దగ్గుచుండెడిది. పొగనుబట్టి నిప్పు నూహించుట నేర్చితిని గాని, ఆ పొగలో నిలిచిన మనిషిని గూర్చి యడుగవలెనని నాకు తోచలేదు. ఆమె దగ్గు ఆమె కర్మమని యింటిల్లపాదియు ననుకొంటిమి.

పూర్వు లీ సంగతి యెఱుగనివారు కారు. చరకసంహితలో శ్వాసరోగ కారణములను చెప్పుచోట దుమ్మును పొగయు పేర్కొనబడినవి. పాతయిండ్ల కప్పులలో పొగ పోవుటకు గూడు విడుచుటయు గలదు. అయినను వైద్యునకు తెలిసిన సంగతి పొయ్యికడకు చేరుటకు చాలకాలము పట్టినది.

నవీనవైద్యమును క్రమముగానే యీ విషయమును దెలిసికొన్నది. 1906లో వియన్నా నగర వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 'అలెర్జీ' యను మాటను కల్పించెను. పదుగురికి హాని చేయని వస్తువు నొకని శరీరము శత్రువుగా నెంచి తిరుగబడుటను మనమిప్పు డా పేరుతో పిలుచుచున్నాము. 1964లో హాలెండు దేశపు ఫోర్‌హోర్స్టును నతని సహచరులును, ఇంటిదుమ్మువలన గలిగెడు అలెర్జీకి అందు వసించు కంటి కగపడని పురుగులు ముఖ్యకారణమని చూపిరి. పఱుపులలోను దిండ్లలోను జేరి, మన మేనినుండి రాలిన చర్మపు పొట్టును దిని యవి బ్రదుకును. గాలిలో తేమ హెచ్చినకొలది వృద్ధిబొందును.

ఇక మన సీమ సంగతి. నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెలలో 420 యిండ్ల గాలిని కొలిచిన పరిశోధన యొకటి 2004లో ప్రకటింపబడెను. ఊపిరితిత్తులలోనికి జొరబడగల సన్నని ధూళి, గ్యాసు వాడెడు నిండ్లలో ఘనమీటరునకు సగటున 73 మైక్రోగ్రాములుండగా, కట్టెలు, పిడకల వంటివి కాల్చు నిండ్లలో 732 వఱకు నుండెను. పదిరెట్లు! కట్టెపొయ్యి యున్న యిండ్లలో నందఱికంటె నెక్కువ పొగ పీల్చినవారు వంటచేయు స్త్రీలే. ఈ లెక్క వెలువడుటకు పూర్వమే మా తల్లి గతించినది. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును బయలుదేఱి, పేదయిండ్లకు గ్యాసుపొయ్యిని తెచ్చినవి.

పొగ పోయినంత మాత్రమున గాలి బాగుపడినదని తలపరాదు. నా మనుమరాలికి తొమ్మిదేండ్లు. గ్యాసుపొయ్యి గల యింటనే పుట్టినది, అయినను రాత్రులందు పిల్లికూతలతో నాయాసపడుచుండెను. వైద్యుడు మందిచ్చి, ఇల్లు చూచుకొనుడనెను. చూడగా, పాతబొంత యామె తలక్రిందనే యున్నది. ముందుగదిలో పసుపు బస్తాలున్నవి. కొమ్ములకు పాలిష్ పట్టెడు దినములలో మా యూర రేగెడు పచ్చని ధూళి మీ రెఱుగుదురు.

బస్తాలను కొట్టమునకు మార్చితిమి. బొంతను తీసివేసి, పక్కగుడ్డలను వారమున కొకమాఱు అఱువది డిగ్రీల వేడినీట నుతికి యెండలో నారవేయుచున్నాము. పొడిచీపురు వాడుట మాని, తడిగుడ్డతో నేల తుడుచుచున్నాము. గోడకు చెమ్మ తెచ్చెడు కప్పుచిల్లును పూడ్పించితిమి. పాలిష్ పట్టువేళ ఆవైపు కిటికీలు మూసి, తక్కినపుడు గాలి యాడునట్లు తెఱచుచున్నాము. దోమలచుట్టను విడిచి దోమతెర కట్టితిమి.

అన్నిటికంటె నాకు కష్టమైనది అగరువత్తి. నలువదేండ్లుగా సంధ్యవేళ తలుపు మూసి వెలిగించినవాడను. అదియు పొగయే యని యొప్పుకొనుటకు నాకు నెలదినములు పట్టినది. ఇప్పుడు పువ్వును దీపమును జాలునని యనుకొంటిని. పిల్ల మందు మానలేదు, మానరాదు కూడ. కాని రాత్రులందు లేచి కూర్చుండుట తగ్గినది.

శ్రోతలారా! మీ యింట నెవరైన దగ్గుచున్నచో, అది వారి కర్మమనక మునుపు వారు పీల్చెడు గాలి యెట్టిదో చూడుడు. పొగను చూచి నిప్పు నూహించుట నాకు బాల్యముననే తెలిసెను. దానిని పీల్చెడు మనిషిని దలచుటకు నాకు అఱువదేండ్లు పట్టెను.