నల్లవాడలోకి వచ్చిన కాడిలాక్



1949 సెప్టెంబర్ నెల 'ఎబోనీ' పత్రికలో ఒక సంపాదకీయం వచ్చింది. నీగ్రోలు కాడిలాక్ కార్లు ఎందుకు కొంటారు? ఇదే దాని శీర్షిక. నీగ్రో అన్నది అప్పట్లో వాళ్లు తమ గురించి తామే రాసుకున్న మాట. పత్రిక పెట్టింది జాన్ హెచ్. జాన్సన్, నల్లజాతి మనిషి. చదివేవాళ్లు నల్లవాళ్లు. మరి తమ వాళ్లకే తాము ఈ సంగతి వివరించుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అమెరికా అంతా ఆ ప్రశ్నను అప్పటికే వెటకారంగా అడుగుతోంది గనుక. ఉండేది ఇరుకు ఇల్లు, గుమ్మం ముందు ఇంత పొడుగు కారు, ఏం మనుషులయ్యా వీళ్లు అని. తెల్లవాడితో తాను ఏ విషయంలోనూ తక్కువ కాదని నల్లవాడు నలుగురికీ కనపడేలా చెప్పడానికి దొరికిన గట్టి గుర్తు ఆ కారు అని సంపాదకీయం జవాబిచ్చింది.

ఆ వెటకారం మీరూ వినే ఉంటారు. మన వాడలో ఒక కుర్రాడు బుల్లెట్ బండి కొన్నప్పుడు ఊళ్లో రచ్చబండ మీద వినిపించేది అదే గొంతు. అందుకే ఈ వారం ఒక కారు చరిత్ర రాస్తున్నాను. విలాసాల మీద నాకేదో మోజు పుట్టిందని అనుకోకండి.

కంపెనీ పుట్టుక క్లుప్తంగా చెప్తాను. 1902లో డెట్రాయిట్‌లో హెన్రీ లేలండ్ మొదలుపెట్టాడు. ఆ నగరాన్ని 1701లో స్థాపించిన ఫ్రెంచివాడి పేరే కారుకు పెట్టారు. 1909లో జనరల్ మోటార్స్ కొనేసింది. 1912లో చేత్తో హ్యాండిల్ తిప్పే పని లేకుండా కరెంటుతో స్టార్టయ్యే బండి తెచ్చారు. 1930లో పదహారు సిలిండర్ల ఇంజన్ పెట్టారు. డబ్బున్న తెల్లవాళ్లలోనూ బాగా పైనున్న వాళ్ల బండి అది. ఆ పదహారు సిలిండర్ల కారు మార్కెట్లోకి వచ్చేసరికి మహా మాంద్యం వచ్చిపడింది. కొనేవాడు లేడు. కాడిలాక్ విభాగాన్నే మూసేద్దామా అని జనరల్ మోటార్స్ పెద్దలు చర్చించుకునే దాకా వచ్చింది.

ఇక్కడ నికొలస్ డ్రైస్టాట్ అనే జర్మన్ వలసదారు కథలోకి వస్తాడు. కాడిలాక్‌లో సర్వీసు విభాగం చూసేవాడు. ఈ సంగతిని తన జ్ఞాపకాల్లో రాసింది పీటర్ డ్రకర్, మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో మీరు చదివే ఆ డ్రకరే. డ్రకర్ చెప్పిన ప్రకారం నల్లవాళ్లకు కాడిలాక్ అమ్మకూడదన్నది కంపెనీ విధానం. కానీ డ్రైస్టాట్ ఏ ఊళ్లో సర్వీస్ స్టేషన్‌కు వెళ్లినా రిపేరుకు బండి తెచ్చేవాళ్లలో నల్లవాళ్లు కనపడేవాళ్లు. బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు. అమ్మనే లేదు కదా, వీళ్లకు బండ్లు ఎక్కడివి? ఒక తెల్లవాడికి డబ్బిచ్చి, అతని పేరు మీద కొనిపించుకున్నవి. కారు ధర వేరు, ఆ తెల్లవాడు తన పేరు వాడుకోనిచ్చినందుకు ఇచ్చే సొమ్ము వేరు. 1932లో డ్రైస్టాట్ పిలవకపోయినా పెద్దల సమావేశంలోకి వెళ్లి, ఆ పై డబ్బు ఎవడికో ఎందుకు పోవాలి, మనమే నేరుగా అమ్ముదాం అన్నాడట. ఒప్పుకున్నారు. 1934కల్లా కాడిలాక్ నష్టాల్లోంచి బయటపడిందనీ, డ్రైస్టాట్ ఆ విభాగానికి అధిపతి అయ్యాడనీ డ్రకర్ రాశాడు.

సమానత్వం మీద ప్రేమతో తెరిచిన తలుపు కాదది. మూతపడే దుకాణాన్ని నిలబెట్టుకోడానికి తెరిచింది.

ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసిన మసూర్ స్టేషన్ గుర్తొచ్చింది. 1901లో చిన్న భీమ్, అన్న, అక్క కొడుకులతో కలిసి నాన్న దగ్గరికి బయల్దేరి ఆ స్టేషన్లో దిగుతాడు. మహర్ పిల్లలని తెలిశాక ఏ బండివాడూ ఎక్కించుకోడు. చివరికి ఒకడు ఒప్పుకున్నది రెట్టింపు కిరాయికి. అదీ ఎలా? పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడిచొస్తాడు. డెట్రాయిట్‌లో పేరు అరువిచ్చిన తెల్లవాడూ, మసూర్‌లో పక్కన నడిచిన బండివాడూ వసూలు చేసుకున్నది ఒకే రకం పన్ను. జేబులో డబ్బుంటే సరిపోదు. ఆ డబ్బుతో ఏది కొనొచ్చో వేరేవాడు నిర్ణయిస్తాడు.

కాడిలాక్ తలుపు తెరుచుకున్న ఆ రోజుల్లోనే మన దేశంలో ఏం జరుగుతోందో 'కుల నిర్మూలన'లో ఉంది. అహ్మదాబాద్ జిల్లా జాను అనే ఊళ్లో 1935లో కాస్త కలిగిన అంటరాని కుటుంబాల ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నందుకు వాళ్ల మీద దాడి చేశారు. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో ఒకతను తీర్థయాత్ర చేసొచ్చి తన వాళ్లకు నెయ్యి వేసి భోజనం పెడితే, హిందువులు కర్రలతో వచ్చి తింటున్న వాళ్లను కొట్టి, అన్నం పాడుచేశారు. అది 1936. నెయ్యి వాళ్ల డబ్బుతో కొన్నదే. తిన్నదీ వాళ్లే. అయినా తప్పయింది. బాబాసాహెబ్ ఆ ఘటనలను ఎందుకు ఏరి రాశాడో ఆలోచించండి. ఆకలి గురించి ఎవరైనా రాస్తారు. అంటరానివాడు నెయ్యి తినడం ఎందుకు నేరమైందో ఆయన అడిగాడు.

మళ్లీ అమెరికాకు వద్దాం. ఇల్లు కొనుక్కోకుండా కారెందుకు అనే సలహా ఉంది చూశారూ, దానికి జవాబు అక్కడి ప్రభుత్వ పటాల్లోనే ఉంది. 1930ల్లో గృహ రుణాల కోసం నగరాలకు పటాలు గీసి, నల్లవాళ్లు ఉండే పేటలకు ఎర్రరంగు వేశారు. ఎర్రరంగు పడిన చోట ఇంటికి అప్పు పుట్టడం దాదాపు అసాధ్యం. 1934లో పెట్టిన ఫెడరల్ గృహ సంస్థ ఇచ్చే రుణ హామీ కూడా అదే దారిలో నడిచింది. ఇక మంచి పేటలో కొందామంటే, నల్లవాళ్లకు అమ్మకూడదని ఇంటి దస్తావేజులోనే రాసి ఉండేది. అలాంటి షరతును కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. 'ఎబోనీ' సంపాదకీయం ఆ మరుసటి ఏడాదిది. ఊరవతల మాత్రమే స్థలం ఇచ్చి, ఊళ్లో ఇల్లు ఎందుకు కట్టుకోలేదని అడగడం లాంటిదే ఇది. కారుకు పేట లేదు. ఈ రోజు ఇక్కడ, రేపు ఇంకో వీధిలో.

అయితే 1949లో కొత్త కూప్ డివిల్ ధర సుమారు 3,500 డాలర్లు. ఫ్యాక్టరీ కూలీ కొనగలిగేది కాదు. బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ హార్లెమ్ వీధిలో గులాబీ రంగు కాడిలాక్ నిలిపితే చుట్టూ జనం మూగేవాళ్లు. మూగిన వాళ్లకు కారు వచ్చింది సెకండ్ హ్యాండ్‌లో. ఖరీదైన కార్లకు ఒక గుణం ఉంది. మొదటి మూడు నాలుగేళ్లలో వాటి ధర పడినంత వేగంగా మామూలు కారు ధర పడదు. మొదటి యజమానికి కొత్త మోడల్ కావాలి. పైగా జనరల్ మోటార్స్ ఏటా రూపం మార్చేది. 1948లో యుద్ధ విమానాన్ని చూసి పెట్టిన వెనక రెక్కలు 1959కి మనిషి నడుమెత్తుకు లేచాయి. కాబట్టి నాలుగేళ్ల బండి చూడగానే పాతదని తెలిసిపోయేది. తెల్ల ధనవంతుడికి అది సిగ్గు. కొనుక్కునేవాడికి అదే లాభం, ఎందుకంటే ఇంజన్ ముసలిది కాలేదు. 1956లో వచ్చిన నాలుగు తలుపుల సెడాన్ డివిల్‌లో ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. 1968లో పెట్టిన 7.7 లీటర్ల వి8 ఇంజన్ పెట్రోలు బాగా తాగేది గానీ గట్టిది.

పెద్ద కారు మోజు అని నవ్వేవాళ్లు ఇంకో సంగతి మరిచిపోతారు. దక్షిణాదిలో నల్లవాడికి హోటల్లో గది ఇవ్వరు, పెట్రోల్ బంకులో మరుగుదొడ్డి వాడనివ్వరు. పొద్దుగూకాక నల్లవాడు కనపడకూడదనే ఊళ్లు ఉత్తరాదిలో కూడా బోలెడు. ఎక్కడ ఆగొచ్చో చెప్పడానికి విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మాన్ 1936 నుంచి 'గ్రీన్ బుక్' వేసేవాడు. అలాంటి దారిలో వెనక సీట్లో పిల్లలు పడుకోవాలి, డిక్కీలో అన్నం, నీళ్లు, దుప్పట్లు పట్టాలి, రాని చోట బండి ఆగిపోకూడదు. బరువైన, బలమైన పాత పెద్దకారు అక్కడ ప్రాణరక్షణ. మోంట్‌గోమరీలో 1955 డిసెంబర్ నుంచి 381 రోజులు బస్సెక్కకుండా ఉన్న జనాన్ని పనులకు చేర్చింది కూడా సొంత కార్లే. అందుకే ప్రభుత్వం కార్ల మీద పడింది. 25 మైళ్ల వేగం దాటకూడని చోట 30లో వెళ్లాడని 1956 జనవరి 26న మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. బండ్ల బీమా రద్దు చేయిస్తే, చివరికి లండన్‌లోని లాయిడ్స్ దగ్గర బీమా తెచ్చుకున్నారు.

హక్కుల చట్టాలు వచ్చాక వెటకారం పాటగా మారింది. 1970లో 'వెల్ఫేర్ కాడిలాక్' అని ఒక పాట వచ్చింది. ప్రభుత్వ సాయం తింటూ కాడిలాక్‌లో తిరిగేవాడి మీద హేళన. వైట్‌హౌస్‌లో కచేరీకి వచ్చిన జానీ క్యాష్‌ను ఆ పాట పాడమని నిక్సన్ మనుషులు అడిగారు. ఆయన పాడలేదు. తెల్లవాడే, దక్షిణాదివాడే, కానీ పేద రైతుకూలీ ఇంట్లో పుట్టినవాడు. 1976లో రేగన్ ఎన్నికల సభల్లో షికాగో మహిళ ఒకామె కథ చెప్పుకుంటూ తిరిగాడు. 80 పేర్లు, ఏడాదికి లక్షన్నర డాలర్లు అని. ఆమె మీద నమోదైన అభియోగం నాలుగు పేర్లు, సుమారు 8 వేల డాలర్లు. ఆమె తిరిగిన కాడిలాక్ మాత్రం జనం మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత సంక్షేమ నిధులు కోయడానికి లెక్కలు చూపించే పనే లేకపోయింది. స్కాలర్‌షిప్ తీసుకునేవాడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఎందుకని అడిగే వాట్సాప్ మెసేజీలు ఈ పాటకు చుట్టాలే.

లోపలి విమర్శ కూడా ఉంది, దాన్ని దాచను. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1957లో ఇంగ్లిష్‌లో వచ్చిన 'బ్లాక్ బూర్జువా'లో తన వర్గాన్నే చీల్చి చెండాడాడు. ఆడంబరాల కోసం డబ్బు పోసి, చేతిలో లేని అధికారం ఉన్నట్టు ఊహించుకుంటున్నారని. ఆయన మాటలో చాలా నిజముంది. మన ఉద్యోగస్తుల్లో అలాంటి వాళ్లను నేనూ చూస్తున్నాను. కానీ ఫ్రేజియర్ ఆ మాట తన వాళ్లు ఎదగాలని అన్నాడు. రచ్చబండ మీదివాడు అనేది మనం దిగాలని. ఈ రెండు విమర్శలను ఒక గాటన కట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. సూటు వేసుకున్న బాబాసాహెబ్ విగ్రహం వాడవాడనా ఎందుకుందో తెలిసినవాడు అలా కట్టడు.

నా అసలు అభ్యంతరం కారు మీద కాదు, కౌంటర్ మీద. 1930ల్లోనే నల్లవాడి డబ్బు తీసుకున్న జనరల్ మోటార్స్, ఒక నల్లవాడిని డీలర్‌గా పెట్టుకున్నది 1967లో. షికాగోలో ఆల్బర్ట్ జాన్సన్‌కు ఓల్డ్స్‌మొబైల్ కార్ల షోరూమ్ ఇచ్చారు. కాడిలాక్ షోరూమ్ ఆయనకు ఆ తర్వాత వచ్చింది. కొనేవాడు కౌంటర్ అవతలికి వెళ్లడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. ఫ్యాక్టరీ లోపల సంగతి ఇంకా ఘోరం. డెట్రాయిట్‌లోనే ఇంకో ఖరీదైన కారు ప్యాకర్డ్. 1943 జూన్‌లో అక్కడ ముగ్గురు నల్ల కార్మికులకు ప్రమోషన్ ఇచ్చారని 25 వేల మంది తెల్ల కార్మికులు పని ఆపేశారు. ఆ నెలలోనే నగరంలో జరిగిన అల్లర్లలో 34 మంది చనిపోయారు, వాళ్లలో 25 మంది నల్లవాళ్లు.

చట్టం మారాక కూడా బేరం మారలేదు. ఇయాన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు షికాగో షోరూములకు తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ ఒకే రకం బట్టలతో, ఒకే రకం మాటలు నేర్పించి పంపాడు. నల్లవాళ్లకు ఎక్కువ ధర చెప్పారని 1991లో ప్రచురించాడు. 2013లో ఆల్లీ ఫైనాన్షియల్ అనే కారు రుణాల సంస్థ, నల్లజాతి, లాటినో, ఆసియా వాళ్ల దగ్గర ఎక్కువ వడ్డీ పడేలా డీలర్లను వదిలేసిందన్న కేసులో 9.8 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆసియా వాళ్లంటే అక్కడ మన తెలుగువాళ్లు కూడా ఉంటారు, వెల్ఫేర్ జోకులు వేసే పెద్దకులపు తెలుగువాళ్లతో సహా.

డివిల్ పేరుతో కార్లు 2005 దాకా వచ్చాయి. 1990ల్లో వాటికి పెట్టిన నార్త్‌స్టార్ ఇంజన్‌కు ఒక రోగం ఉంది. వయసు మీద పడ్డాక అల్యూమినియం బ్లాక్‌లోంచి హెడ్ బోల్టులు ఊడొచ్చి గాస్కెట్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ మొదటి యజమానికి అది తెలియదు. మూడో చేతికి, నాలుగో చేతికి వచ్చేసరికి బండి కొన్న ధర కన్నా దాని రిపేరు ఖర్చే ఎక్కువ. అందుకే తోలు సీట్లున్న అంత పెద్ద కారు అంత చవగ్గా దొరికేది. తీసుకునేవాళ్లలో మెకానిక్ పని తెలిసినవాడు సంతోషంగా తీసుకెళ్లేవాడు. తెలియనివాడు వారంవారం కిస్తీ కట్టే పద్ధతిలో తీసుకుని, బండి ఆగిపోయాక కూడా కట్టేవాడు.

వచ్చే వారం ఒహాయోలోని గ్రీన్‌ఫీల్డ్‌కు వెళ్దాం. బానిసగా పుట్టిన చార్లెస్ రిచర్డ్ ప్యాటర్సన్ అక్కడ గుర్రబ్బండ్ల కంపెనీ నడిపాడు. 1915లో ఆయన కొడుకు ఫ్రెడరిక్ అదే షెడ్డులో సొంత పేరుతో కారు తయారు చేసి అమ్మకానికి పెట్టాడు.