భూప్రదక్షిణము

వినాయకచవితినాడు తెలుగువారి యిండ్లలో చెప్పుకొను కథ అందరికిని తెలిసినదే. ముల్లోకములలోని తీర్థములన్నిటను స్నానము చేసి ముందుగా వచ్చిన వానికే విఘ్నాధిపత్యమని పరమేశ్వరు డానతిచ్చెను. కుమారస్వామి నెమలినెక్కి తత్క్షణమే వెడలెను. ఎలుక వాహనముగా గల పెద్దవాడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి ఆ ఫలమునంతయు పొందెను. వాహనబలము చాలని చోట ఆలోచనాబలము అక్కరకు వచ్చునని పెద్దలు ఈ కథకు అర్థము చెప్పుదురు. నిజముగా భూమిని చుట్టివచ్చిన వారి చరిత్రను పరిశీలించినను ఈ మాటయే స్థిరపడుచున్నది. ఓడలు, రైళ్లు వారిని మోసినవి. కాని వారికి దారి చూపినది ముందు పోయినవారు సంపాదించిన జ్ఞానము.

మొదటి భూప్రదక్షిణమునకు అట్టి జ్ఞానము లేకపోయెను. 1519 సెప్టెంబరు 20వ తేదీన స్పెయిన్ దేశమునందలి సాన్‌లూకార్ రేవునుండి ఐదు ఓడలు బయలుదేరెను. లవంగములు పండు మొలక్కా దీవులను పడమటి దారిని చేరుట వారి ఉద్దేశము. నాయకుడు పోర్చుగీసు దేశీయుడైన మెగలన్. ఆయన ఓడలను బాగుచేయించెను, ఆహారపదార్థములను నింపించెను, పటములను చేతబట్టెను. కాని దక్షిణ అమెరికా దాటిన పిమ్మట ఎంత సముద్రము కలదో ఆ పటములలో లేదు. 1520 నవంబరు 28వ తేదీన పసిఫిక్ మహాసముద్రమున ప్రవేశించిన ఓడలు 1521 మార్చి 6వ తేదీ వరకును తాజా ఆహారమును చూడలేదు. పురుగులు పట్టిన రొట్టెపొడి, ఓడ కొయ్యలకు చుట్టిన తోలు, ఎలుకలు – ఇవియే వారి భోజనము. మెగలన్ 1521 ఏప్రిల్ 27వ తేదీన ఫిలిప్పీను దీవులలోని మక్తాన్ వద్ద పోరాటమున మరణించెను. ఎల్కానో నాయకత్వమున విక్టోరియా అను ఒక్క ఓడ మాత్రము 1522 సెప్టెంబరు 6వ తేదీన తిరిగి వచ్చెను. రెండువందలకు పైబడి బయలుదేరిన వారిలో ఆ ఓడపై స్వదేశమును చూచినవారు 18 మంది. ఓడలోని లవంగముల వెల యాత్రావ్యయమును దాదాపుగా తీర్చెనట! చనిపోయినవారి వెల కట్టగల తక్కెడ మాత్రము ఏ రేవునందును లేదు.

ఆ పదునెనిమిదిమందిలో పిగాఫెట్టా అను ఇటలీ దేశీయుడొకడు. దినమైనను తప్పక దినచర్య వ్రాసినవాడు. 1522 జూలైలో కేప్ వర్డ్ దీవులను చేరినప్పుడు అతని లెక్కప్రకారము బుధవారము. ఒడ్డుననున్న వారు గురువారమనిరి. వ్రాతలో ఒక్క దినమును తప్పలేదు, మరి దినమెక్కడ పోయెను? పడమరగా పోవువాడు సూర్యుని వెంట పోవుచుండును. పదునైదు డిగ్రీలు జరిగినకొలది అతనికి గంటసేపు ప్రొద్దు పెరుగును. భూమిని పూర్తిగా చుట్టునప్పటికి ఆ గంటలు ఇరువదినాలుగై, ఒక దినము లెక్కకు తక్కువగును. తూర్పుగా పోవువానికి ఒక దినము ఎక్కువగును. ఒక సామాన్య యాత్రికుని దినచర్య ఇంతటి సత్యమును లోకమునకు అనుభవపూర్వకముగా చూపెను.

తరువాతి వారికి ఈ వ్రాతలు ఆధారములైనవి. సముద్రముపై తూర్పు పడమరల నెలవు తెలిసికొనుటకు తగిన గడియారమును ఇంగ్లండులో హారిసన్ నిర్మించెను. దానికి ప్రతిరూపమైన గడియారమును జేమ్స్ కుక్ 1772–75 యాత్రలో పరీక్షించి మెచ్చుకొనెను. అటుపిమ్మట ఎన్నినాళ్ల పయనము, ఎంత నీరు, ఎంత తిండి అని ముందుగా గణించుటకు వీలు కలిగెను.

అయినను దారి తెలిసినంతనే అందరికిని అనుమతి దొరకలేదు. 1766లో ఫ్రాన్సునుండి బూగెన్విల్ నాయకత్వమున వెడలిన యాత్రలో కామెర్సన్ అను వృక్షశాస్త్రజ్ఞునికి సహాయకుడుగా ఒకడు చేరెను. వాడు నిజమునకు జాన్ బారే అను స్త్రీ. ఫ్రెంచి నౌకలపై స్త్రీలు ఎక్కరాదను నియమము వలన ఆమె పురుషవేషము ధరించెను. కొండలపై మొక్కలను సేకరించుచు, బరువులను మోయుచు యాత్ర సాగించెను. మన పెరళ్లలో కాగితపుపూలుగా పిలుచుకొను తీగకు పాశ్చాత్యశాస్త్రమున నిలిచినది ఆ యాత్రానాయకుని పేరే. మధ్యదారిలో వేషము బయటపడి, ఏండ్లు గడచిన పిదప 1775 ప్రాంతమున ఆమె ఫ్రాన్సు చేరెను. భూమిని చుట్టివచ్చిన తొలి స్త్రీగా చరిత్ర ఆమెను గుర్తించుచున్నది. 1785లో ప్రభుత్వము ఆమెకు ఉపకారవేతన మిచ్చి గౌరవించెను.

తెలుగువారిలో దూరయాత్రను క్రమముగా వ్రాసిపెట్టిన కీర్తి ఏనుగుల వీరాస్వామయ్యగారిది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉద్యోగము చేసిన ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చెను. అది భూప్రదక్షిణము కాదు. కాని రైళ్లు లేని ఆ కాలమున అంతమందిని నడిపించుటకు వలసిన ముందుచూపు ఏ నావికుని ముందుచూపునకును తీసిపోదు. ఏ మజిలీలో నీరు కలదు, ఎచట అంగళ్లు కలవు, దారి యెట్టిది అను సంగతులను ఆయన ఎప్పటికప్పుడు వ్రాసి మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లెగారికి పంపెను. వీరాస్వామయ్యగారు 1836లో కీర్తిశేషులైరి. ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయ్యెను. తాను పోయివచ్చిన దారిని వెనుకవారికి అప్పగించి పోయిన ఉదారుడాయన.

ఈ విధముగా పోగుపడిన జ్ఞానమును సామాన్యునికి అందుబాటులోనికి తెచ్చినవాడు టామస్ కుక్ అను వడ్రంగి. మద్యపాననిషేధ ప్రచారకుడైన ఈయన 1841 జూలై 5వ తేదీన సుమారు 500 మందిని తలకొక షిల్లింగు చొప్పున లెస్టరునుండి లఫ్‌బరోలో జరుగు సభకు రైలులో తీసికొనిపోయెను. పట్టుమని పన్నెండు మైళ్లు! 1869లో అమెరికా ఖండమునకు అడ్డముగా రైలుమార్గము పూర్తియయ్యెను. ఆ సంవత్సరమే సూయజ్ కాలువ తెరువబడెను. 1870లో బొంబాయికిని కలకత్తాకును రైలు కలిసెను. 1872లో కుక్ ఒక చిన్న బృందముతో భూప్రదక్షిణమునకు వెడలి అమెరికా, జపాను, చైనా, సింహళము, భారతదేశము, ఈజిప్టుల మీదుగా 222 దినములలో యాత్ర ముగించెను. మరుసటి సంవత్సరమున ఆయన సంస్థ ఐరోపా రైళ్లవేళల పుస్తకమును అచ్చువేసెను. మెగలన్‌కు ప్రాణాంతకమైన ప్రశ్నకు అణాలలో కొనదగిన సమాధానము ఏర్పడెను.

ఇక స్త్రీల విషయము. నెల్లీ బ్లై అను అమెరికను పత్రికావిలేఖరి భూమిని ఎనుబది దినములకు లోపల చుట్టివచ్చెదనని తన పత్రికవారితో చెప్పగా, స్త్రీకి తోడు కావలెననియు, పెట్టెలు చాలగా నుండుననియు వారు మొదట నిరాకరించిరి. సంవత్సరము గడచిన పిదప అంగీకారము దొరకెను. 1889 నవంబరు 14వ తేదీన ఆమె ఒక్క చేతిసంచితో ఒంటరిగా ఓడయెక్కెను. కొలంబోలో ఓడకొరకు కొన్ని దినములు వేచియుండవలసి వచ్చినను ధైర్యము వీడలేదు. 1890 జనవరి 25వ తేదీన 72 దినముల 6 గంటల 11 నిమిషములకు యాత్ర పూర్తిచేసెను. జాన్ బారే మారువేషమున చేసిన పనిని నెల్లీ బ్లై స్వరూపముతో చేసెను. ఈ రెండింటి నడుమ గడచిన నూరేండ్లకు పైబడిన కాలములో ఓడలవేగము పెరుగుటకన్న ఇదియే ఘనమైన మార్పు.

నేడు విమానము మీద రెండుమూడు దినములలో భూమిని చుట్టిరావచ్చును. అందరికిని అంతటి ధనము కలుగదు. కాని యాత్రలోని ఆనందమున సగపాలు బయలుదేరుటకు ముందే లభించును, దానికి వెలలేదు. గ్రంథాలయపు బల్లమీద పటము పరచి, ఈ రేవునుండి ఆ రేవునకు ఎన్నినాళ్లు, అచట ఏ ఋతువు, ఏ భాష, ఏ తిండియని వెదకు బాలుడు, పిగాఫెట్టా మొదలు వీరాస్వామయ్యగారి వరకు ఎందరో కష్టించి వ్రాసిన వ్రాతలను అనుభవించుచున్నాడు. మెగలన్‌కు దొరకని పటము పల్లెటూరి పిల్లవానికి దొరకుచున్నది. వ్రేలితో దారి వెంట పోవుచున్న వాడు అప్పుడే బయలుదేరినట్లు. కాలితో పోవుదినము కలిసివచ్చినప్పుడు వానికి ఏ యూరును క్రొత్తగా నుండదు.