కంట్రోల్ బియ్యం, అన్నల కానుక

రావల్కోల్ నుంచి మేడ్చల్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ జీరో టికెట్‌ను మడిచి కొంగున ముడేసుకుంటోంది. వెనక సీట్లోంచి ఒకాయన "అంత ఫ్రీ అయిపాయె, ఇగ ఆడోళ్లు ఇండ్లల్ల ఉంటరా?" అన్నాడు. ఆమె వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. "ఊకెనే ఇస్తుండ్రా? మేం కొనే సబ్బుకు పన్ను కడ్తలేమా?"

ఈ మాట 1996లో నాకెందుకు తట్టలేదా అని ఆ రోజంతా ఆలోచించాను.

మా పల్లెల్లో రేషన్ బియ్యాన్ని ఇంకా 'కంట్రోల్ బియ్యం' అనే అంటారు. కొరత కాలంలో సరుకుల మీద సర్కారు పెట్టిన అదుపు నుంచి వచ్చిన మాట అది. అందులో దయ లేదు, దాత లేడు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక దాత వచ్చాడు. ఆయన మనల్ని 'ఆడపడుచులు' అన్నాడు. ఆకలి తీరింది, నిజమే. కానీ రాజ్యం అన్న అయింది, బియ్యం పుట్టింటి కానుక అయింది. కానుక ఎంత అని అడగకూడదు, ఇవ్వకపోతే నిలదీయకూడదు. అదే ప్రభుత్వం 1985 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ చట్టం చేసింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించకపోయినా, వాటా కోసం కోర్టుకెళ్లే దారి ఏర్పడింది. రెండు రూపాయల బియ్యానికి అలాంటి దారి లేదు.

ఆ లెక్కను మొదట అడిగింది నెల్లూరు జిల్లా స్త్రీలు. ఒక చేత్తో బియ్యమిచ్చిన సర్కారే 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లను మారుమూల ఊళ్లకు చేర్చింది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1992 నాటికి ఆ పోరాటం జిల్లాలు దాటింది. సారా ఆదాయం లేకపోతే సంక్షేమం ఎలా అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు సూటిగా ఉంది: ఆ ఆదాయం మా ఇళ్లలోంచి పోయిన కూలి డబ్బే. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి.

తర్వాత మాట మారింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసింది. ఖజానా ఖాళీ అన్న మాట పత్రికల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో మారుమోగింది. బియ్యం ధర మూడున్నర రూపాయలైంది. 1997లో మద్యనిషేధం సడలింది. 1998లో ప్రపంచ బ్యాంకు రుణం వచ్చింది. నిన్నటి ఆడపడుచు డ్వాక్రా సంఘంలో పొదుపు చేసుకుని తన కాళ్ల మీద తాను నిలబడాల్సిన మహిళ అయింది. నేనూ తలూపాను. లోటు అబద్ధమని కాదు. లోటును ఎవరి పళ్లెంలోంచి పూడ్చాలన్నది మాత్రం లెక్కల విషయం కాదు, రాజకీయ నిర్ణయం. ఆ తేడా నాకు ఆనాడు కనబడలేదు. 2008లో ధర మళ్లీ రెండు రూపాయలకు, 2011లో ఒక రూపాయికి వచ్చింది. పేదల ఆకలి ఒకలాగే ఉంది. మారింది దాని గురించి మాట్లాడే తీరు.

ఎవరి చేతికివ్వాలన్నదీ చిన్న సంగతి కాదు. 1945లో బ్రిటన్‌లో పిల్లల భత్యం తండ్రికివ్వబోతే, అది తల్లికే చెందాలని ఎలినార్ రాత్‌బోన్ పోరాడి గెలిచింది. మన దగ్గర 2013 ఆహార భద్రతా చట్టం బియ్యాన్ని హక్కు చేసింది. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా స్త్రీని గుర్తించింది. అయినా 2022లో కామారెడ్డి జిల్లా బీర్కూరు రేషన్ దుకాణంలో ప్రధాని ఫోటో ఎందుకు లేదని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కలెక్టరును నిలదీశారు. గొడవంతా ఏ దాత బొమ్మ ఉండాలన్నదే. కార్డు మీద ఇంటి పెద్దగా ఉన్న స్త్రీ ఆ వాదనలో ఎక్కడా లేదు.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మనం ఉచితంగా బస్సెక్కుతున్నాం. ఇదీ ఒక అన్న కానుకగానే మిగిలితే, రేపు మరో శ్వేతపత్రం దాన్ని తీసేయగలదు. అప్పుడు మనలో ఎందరం తలూపుతాం? చదువుకున్న మనకంటే ముందే ఆ పెద్దావిడ తన సబ్బు మీద కట్టే పన్నును లెక్కలోకి తెచ్చింది. మేడ్చల్‌లో దిగుతూ "జాగ్రత్త బిడ్డా" అని, టికెట్ ఉన్న కొంగు బొడ్లో దోపుకుని, సంతలోకి నడిచింది.