ఇంటి సర్వరు కథ

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో సాఫ్ట్‌వేరు పని చేసేవాళ్ళు లేని ఇల్లు అరుదు. అయినా "రోజంతా ఆ డబ్బా ముందు కూచుని ఏం చేస్తావు?" అని ఊరినుంచి వచ్చిన అత్తగారు అడిగితే అర్థమయ్యేట్టు చెప్పగలిగేవాళ్ళు ఇంకా అరుదు. ఆ పనిలో బయటికి కనిపించని ఒక భాగం ఉంది. వెబ్‌లో నడవాల్సిన అప్లికేషన్‌ని లోకానికి చూపించేముందు మన సొంత కంప్యూటర్లోనే ఆసాంతం నిలబెట్టుకోవడం. దీన్ని లోకల్ డెవలప్‌మెంట్ అంటాం. దానికీ ఒక చరిత్ర ఉంది.

పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. బ్రౌజర్లో మీకు కనిపించేది పంక్తి. వెనకాల పనిచేసే ప్రోగ్రాము వంటశాల. సమాచారం దాచే డేటాబేసు ఉగ్రాణం. ఈ మూడూ కలిస్తే ఫుల్ స్టాక్. మూడింటినీ ఒక్క లాప్‌టాప్‌లో ఇరికించి, వండి, రుచి చూసుకోవాలి. అప్పుడు కంప్యూటరు తనతో తనే మాట్లాడుకునే చిరునామా 127.0.0.1. ఇంటర్నెట్ పెద్దలు 127 తో మొదలయ్యే వరస మొత్తాన్ని, అంటే సుమారు 1 కోటి 67 లక్షల చిరునామాలని, 1986 నాటికే ఈ ఒక్క పనికి కేటాయించేశారు. మనం వాడేది దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ఇంత దుబారా మా రంగంలోనే సాధ్యం!

నిజానికి వెబ్ పుట్టిందే ఇలా. 1990 చివర్లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన సర్వరూ, బ్రౌజరూ రెండూ ఆయన బల్లమీది నెక్స్ట్ కంప్యూటర్లోనే నడిచాయి. ఎవరైనా పొరపాటున ఆపేస్తారని, ఇది సర్వరు, ఆపవద్దు అని ఎర్రసిరాతో కాగితం రాసి దానికి అంటించాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు సర్వరు పెద్ద సంస్థల సొత్తయింది. విశ్వవిద్యాలయంలో ఖాతా ఉంటే సరే, లేకపోతే లేదు. ఈ గోడని కూల్చినవి ఉచితంగా దొరికిన నాలుగు సరుకులు: 1991 నాటి లినక్సు, 1995లో వచ్చిన అపాచీ, అదే ఏడు రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన పీహెచ్‌పీ, ఆ రోజుల్లోదే మైఎస్‌క్యూఎల్. 1998లో మైకేల్ కుంజె అనే ఆయన ఒక జర్మన్ పత్రికలో వీటి మొదటి అక్షరాలు కలిపి లాంప్ అని పేరు పెట్టాడు. 2002లో వచ్చిన గ్జాంప్ అయితే అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌ని ఒకే మూట కట్టి విండోస్‌లోకి కూడా తెచ్చింది.

ఇందులో మనకేం పట్టింది అంటారా? నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నెట్ కెఫేలో గంటకింత అని లెక్క. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే లినక్సు సీడీ మాత్రం చేతులు మారుతూ హాస్టలంతా తిరిగేది. నెట్ లేకుండానే, ఎవరి అనుమతీ అక్కర్లేకుండానే, సర్వరంటే ఏమిటో మాలో చాలామందికి తెలిసింది అలాగే. అమీర్‌పేట ల్యాబుల్లో జావా నేర్చుకున్నవాళ్ళకి ఇంకో ముచ్చట గుర్తుండాలి. టామ్‌క్యాట్‌కీ, ఒరాకిల్ ఉచిత ఎడిషన్‌కీ 8080 నంబరు పోర్టే కావాలి. ముందు లేచినవాడిది సీటు, రెండోవాడు మొరాయిస్తాడు.

తెలుగు రాసేవాళ్ళ అవస్థ వేరు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. కానీ మైఎస్‌క్యూఎల్‌కి యూనికోడ్ వచ్చింది 2004 నాటి 4.1 తోనే. ఆ తర్వాత కూడా మనం అడక్కపోతే అది పాశ్చాత్య యూరప్ లిపే అనుకునేది. 2018లో 8.0 వచ్చేదాకా ఇదే తంతు. యూటీఎఫ్-8 లో "అమ్మ"కి 12 బైట్లు కావాలి. ఇంట్లో కంప్యూటర్లో సరిగ్గా అమర్చుకుని, బయట సర్వర్లో ఎవరూ అమర్చకపోతే అమ్మ స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు. మా ఇంట్లో బాగానే ఉందే అంటే ఎవరు వింటారు?

ఈ మాట మా వృత్తిలో పెద్ద జోకు. కాంట్రాక్టు మీద వచ్చినవాడికి మాత్రం నవ్వు రాదు. అమెరికాలో నేను చేరిన ఒక చోట, అప్లికేషన్ నా మిషన్లో నిలబెట్టడానికి 40 పేజీల కాగితం ఇచ్చారు. సగం పేజీలు పాతబడ్డవి. ఆరు రోజులు పట్టింది. వీసా వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఆరు రోజులంటే ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కాగితాన్నే ప్రోగ్రాముగా మార్చేశాడు మిచెల్ హషిమోతో, 2010లో వేగ్రంట్‌తో. కంప్యూటర్లో మరో పూర్తి కంప్యూటరు దానంతట అదే లేచేది. బరువెక్కువ. 2013 మార్చిలో శాంటాక్లారా పైథాన్ సభలో సోలొమన్ హైక్స్ అయిదు నిమిషాల్లో చూపించిన డాకర్‌ది ఇంకో పద్ధతి. వేగ్రంట్ విడి ఇల్లు కడితే, ఇది ఉన్న ఇంట్లోనే వాటాలు వేసింది. పునాదీ నుయ్యీ ఉమ్మడి, ఎవరి గది వాళ్ళది. నా దృష్టిలో కొత్తగా చేరినవాడికి ఇంత మేలు చేసిన పనిముట్టు మరోటి లేదు.

ఇప్పుడు లాప్‌టాప్‌లో ఏదీ పెట్టుకోకుండా, బ్రౌజర్లోంచి అద్దె కంప్యూటరు వాడే పద్ధతి కూడా ఉంది. సుఖమే. నాకు మాత్రం మళ్ళీ ఎవరో తాళంచెవి ఇవ్వాల్సిన రోజుల్లా అనిపిస్తుంది.

మా అన్నయ్య కూతురు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. దాని పాత లాప్‌టాప్‌కి డాకర్ భారమైతే, ఫోన్లో చెప్పి మైఎస్‌క్యూఎల్‌ని నేరుగా పెట్టించాను. "బాబాయ్, 3306 పోర్టు ఆల్రెడీ ఎవరో వాడుతున్నారట, ఎవరు వాళ్ళు?" అని నిన్న రాత్రి ఫొటో పంపింది.